పైడితల్లి మూడో గుండె

నమోదు 1 - జూన్, సోమవారం

మూడో గుండె కొట్టుకుంది!

పొద్దున్నే పాలు మార్చడానికి ఉయ్యాల మూత తీశాను. పాలంటే నిజం పాలు కావు, గుండె కణాలకు మేం పోసే పోషక ద్రవం. పలుచని టీ రంగులో ఉంటుంది. ఉయ్యాలంటే గాజు తొట్టె. ఈ పేర్లు ఎవరు పెట్టారో గానీ నేను ఈ కాలేజీలో చేరేటప్పటికే వాడుకలో ఉన్నాయి. తొట్టెలో నిమ్మకాయంత ముద్ద నిన్నటిలాగే కదలకుండా వేలాడుతోంది. గొట్టం బిగిస్తుంటే ముద్దలో ఒక మూల సన్నగా ముడుచుకున్నట్టు అనిపించింది. నా చెయ్యి తగిలిందేమో అనుకుని రెండు చేతులూ వెనక్కి లాక్కున్నాను. మళ్ళీ ముడుచుకుంది. ఆ ముడుత పక్కకు పాకి, కిందికి దిగి, చివరికి ముద్దంతా ఒక్కసారిగా బిగిసి వదులైంది.

"మేడమ్!" అని కేక పెట్టాను.

మా ప్రొఫెసర్ డాక్టర్ కనకవల్లి చేతిలో సగం తిన్న ఇడ్లీతో పరిగెత్తుకొచ్చారు. అవయవాల పెంపకం విభాగానికి ఆవిడే అధిపతి. "అరవకు శర్వాణీ, అదిరిపోతుంది!" అంటూ నాకంటే గట్టిగా అరిచారు. తర్వాత ఇద్దరం నోరు మూసుకుని ఆ చిన్న ముద్ద కొట్టుకోవడం చూస్తూ నిలబడిపోయాం.

ఈ నమోదు రాయమన్నది ఆవిడే. "లెక్కలు యంత్రాలే రాసుకుంటాయి. నువ్వేం చూశావో, ఏమనుకున్నావో అది నువ్వు రాయి. రేపు ఇంకో కాలేజీలో ఈ పని చేసేవాళ్ళకు అదే కావాలి" అన్నారు.

మధ్యాహ్నం ఆ గుండె ఎవరిదో ఆవిడే వచ్చి చూసుకున్నారు. గొర్లె పైడితల్లి, కొత్తరేవు లాంచీని నడిపే సరంగు. ఒకప్పుడు బస్సులు తిరిగి, ఇప్పుడు నీట మునిగిన దారి మీదుగా ఇప్పుడు జనాన్ని ఈ కొండకూ ఆ కొండకూ చేరవేసే లాంచీ అది. రెండేళ్ళ కిందట వరద జ్వరం వచ్చి ఆవిడ గుండెను పాడు చేసింది. అప్పటినుంచి ఛాతీలో ఒక పంపు పెట్టుకుని బతుకుతున్నారు. కుళాయి నీళ్ళలా ఆ పంపు రక్తాన్ని ఆగకుండా తోస్తూనే ఉంటుంది కాబట్టి ఆవిడ చేతికి నాడి ఉండదు. కొత్తగా చేరిన విద్యార్థులను సీనియర్లు "అయిదో వార్డులో ఆ అమ్మ నాడి చూసి రా" అని పంపుతారు. వాళ్ళు తెల్లబోయి పరుగెత్తుకొస్తే పైడితల్లి పడీపడీ నవ్వుతారు.

చక్రాల కుర్చీలోంచి ముందుకు వంగి ఆవిడ తొట్టెలోకి చూశారు.

"ఇదేటి డాక్టరమ్మా, ఉత్త నిమ్మకాయంతున్నాది! దీంతో నాను లాంచీ నడపాలా?"

"పెరుగుతుందమ్మా. మీ చర్మం కణాల్లోంచి పుట్టింది కదా, మీకు సరిపడేంత పెరుగుతుంది."

"నా సరమంలోంచి గుండికాయ!" అని ఆవిడ తన మోచెయ్యి తడుముకున్నారు. వెనకాల కుర్చీ పట్టుకుని నిలబడ్డ భర్త సన్యాసిరావు ఏమీ అనలేదు. ఆయన అదే లాంచీలో ఇంజను చూసే మనిషి, ఎప్పుడు చూసినా మౌనమే.

"మా మావకి నోరు నేదు. నాకు గుండి నేదు. ఇద్దరికీ కలిపి ఒకటి పెంచండి" అన్నారు పైడితల్లి. నాకు నవ్వాగలేదు.

నమోదు 2 - జూన్, గురువారం

పైడితల్లి కోసం పెంచుతున్న రెండో గుండె పోయింది.

కాలేయం, చర్మం, కంటి పొర మేం పెంచి అమర్చడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. గుండె ఒక్కటే ఎవరికీ లొంగలేదు. మా దగ్గరే కాదు, ఎక్కడా. తొట్టెలో ఉన్నంతసేపూ చక్కగా కొట్టుకుంటుంది. నిజమైన శరీరంలో ఉండేంత ఒత్తిడి పెట్టగానే లయ తప్పిపోతుంది. ఈ పరీక్షను మేం బరువు పరీక్ష అంటాం. పైడితల్లి మొదటి గుండె అందులోనే పోయింది. ఈ రోజు రెండోదాని వంతు.

మేడమ్ ఒత్తిడి పెంచుతుంటే నేను తెర మీద గీతలు చూస్తున్నాను. కాసేపు అంతా బాగానే ఉంది. నాలో ఆశ పొంగింది. అంతలోనే ఆ గుండె ఉడికే గంజిలా కుతకుతలాడింది. ఒత్తిడి తగ్గించాం, మందు వేశాం, కరెంటు తగిలించాం. ఏం చేసినా మళ్ళీ లయలోకి రాలేదు.

మేడమ్ చేతి తొడుగులు విప్పి చెత్తబుట్టలో వేశారు. "ఎందుకు? కణాలు బాగున్నాయి, కవాటాలు బాగున్నాయి. ఎందుకు?" అని గోడను అడిగారు.

పైడితల్లికి చెప్పడానికి నేనే వెళ్ళాను. ఆవిడ నా ముఖం చూసే గ్రహించేశారు.

"రొండోది కూడా పోయిందేటి?"

"పోయిందమ్మా."

కాసేపు ఆవిడ కిటికీలోంచి కింద నీళ్ళవైపు చూశారు. "మూడోది బాగుందా?"

"బాగుంది."

"ఐతే దాని కాడికి పో. ఇక్కడ కూకుంటే ఏటొస్తాది?"

నమోదు 3 - జులై, మంగళవారం

డాక్టర్ ఇలియాస్ మా ప్రయోగశాలకు రావడం అరుదు. అయిదో వార్డు రోగులంతా ఆయన బాధ్యత. మా విభాగం నుంచి ఎవరు వార్డుకు వెళ్ళినా, "ఏం కావాలి? రక్తమా, చర్మమా?" అని ఎదురొస్తారు. ఇవాళ ఆయనే వచ్చారు, అదీ కూర్చోకుండా.

"పైడితల్లి గారి పంపులో రక్తం గడ్డ కట్టడం మొదలైంది. మందులు పెంచాను. దసరా దాకా లాక్కొస్తే గొప్ప."

"పంపు మార్చలేరా?" అని మేడమ్ అడిగారు.

"ఇంకోసారి ఛాతీ తెరిస్తే, పెట్టేది గుండే అయ్యుండాలి. ఇంకో పంపు కోసమైతే ఆ శరీరం తట్టుకోదు. దానం చేసిన గుండె కోసం జాబితాలో పేరు రాయించాను. అందులో ముందున్నవాళ్ళే చాలామంది." ఆయన తొట్టెవైపు తిరిగి జామకాయంత అయిన మూడో గుండెను చూశారు. "ఇది పరీక్ష నెగ్గుతుందా?"

మేడమ్ నావైపు చూశారు. నేను తొట్టెవైపు చూశాను.

"మీకు తెలియదు. నాకూ తెలియదు. కానీ ఆవిడ రోజూ నన్నడుగుతుంది శర్వాణి గారూ, 'నా గుండి ఎంతైంది' అని. నేనేం చెప్పాలి?"

నాలుగో గుండె పెంచే సమయం లేదు. ఉన్నది ఇదొక్కటే.

నమోదు 4 - ఆగస్టు, శనివారం

తుఫాను. తడి బట్టలు మార్చుకోకుండానే రాస్తున్నాను. భయమో ఉత్సాహమో నాకే అర్థం కావడం లేదు.

మా కొండకు కరెంటు వచ్చేది అలల మిల్లు నుంచి. సముద్రం శాంతంగా ఉంటే దీపాలు నిలకడగా వెలుగుతాయి. పొద్దున్నుంచి అలలు కట్ట దాటి ఎగురుతున్నాయి. కరెంటు ఒక్కసారి ఎగబాకి, ఒక్కసారి చతికిలబడుతోంది. దాన్ని సరిచేసే పెట్టె కాలిపోయింది. ఉన్న బ్యాటరీలన్నీ వార్డులకూ ఆపరేషన్ గదులకూ వెళ్ళిపోయాయి. అదే న్యాయం. మా ఉయ్యాల పంపు మాత్రం ఆ పిచ్చి కరెంటుకు చిక్కుకుపోయింది.

పంపు పరిగెత్తితే పాలు ఉరికి వచ్చి గుండెను ఉబ్బించేవి. అది కూలబడితే గుండె నీరసించి మెల్లగా కొట్టుకునేది. మళ్ళీ ఉరుకు, మళ్ళీ నీరసం. మేడమూ నేనూ చెరో గొట్టం నొక్కి పట్టుకుని ప్రవాహాన్ని అదుపు చేయాలని చూశాం. మా వల్ల కాలేదు. కిటికీ అద్దం పగిలి వాన లోపలికి కొట్టింది. తడిసి ముద్దయిన మేడమ్, "పోతే పోనీ, నువ్వు జారి పడకు" అన్నారు.

సాయంత్రానికి గాలి తగ్గింది. కరెంటు నిలబడింది. నేను తొట్టెలోకి చూశాను.

గుండె కొట్టుకుంటోంది. ఏమీ జరగనట్టు కొట్టుకుంటోంది.

నమోదు 5 - ఆగస్టు, బుధవారం

మేడమ్ వద్దన్నారు, నేను పట్టుబట్టాను. తుఫానులో గుండెకేమైనా దెబ్బ తగిలిందా అని తెలుసుకోవాలంటే చిన్న బరువు పరీక్ష చేయాలి. సగం ఒత్తిడి చాలు, ఏమాత్రం తేడా వచ్చినా ఆపేద్దామని ఒప్పించాను.

సగం ఒత్తిడి దాకా పెంచాం. ఇది తడబడలేదు. "ఇంకొంచెం పెంచండి" అన్నాను. పెంచారు. తడబడలేదు. "ఇంకొంచెం." రెండో గుండె కుప్పకూలిన చోటికి వచ్చాం. గీత కాస్త వణికింది. మేడమ్ వెంటనే ఒత్తిడి తగ్గించారు. లయ దానంతట అదే సర్దుకుంది! మేమేమీ చేయలేదు, దానంతట అదే సర్దుకుంది!

"అదృష్టం" అన్నారు మేడమ్.

"కాదు మేడమ్. తుఫాను."

నా ఆలోచన ఆవిడకు చెప్పాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడి తడబడ్డాను, కానీ చెప్పాను. కడుపులో ఉన్న బిడ్డ గుండె పెరిగేది నడిచే తల్లిలో, మెట్లెక్కే తల్లిలో, నిద్రపోయే, కోప్పడే, ఆకలేసే తల్లిలో. ప్రవాహం ఏ రెండు ఘడియలూ ఒక్కలా ఉండదు. మేమేమో మా గుండెలను నిలకడైన ప్రవాహంలో, అతి జాగ్రత్తగా పెంచాం. ఎగుడుదిగుడు అంటే ఏమిటో వాటికి తెలియదు. తుఫానే ఈ గుండెకు మొదటిసారి ఆ సంగతి తెలియజేసింది.

మేడమ్ చాలాసేపు పెన్సిలు కొరికారు. "ఐతే పంపును ఎగుడుదిగుడుగా నడిపిద్దామంటావా? ఎలా? ఏ లెక్కన? తుఫాను లెక్కనా?"

"మనిషి లెక్కన. ఒక మనిషి చేతికి పట్టీ కడదాం. ఆ మనిషి గుండె వేగం, రక్తపోటు, ఒంట్లో ఊరే రసాయనాలు, అన్నీ పట్టీ నుంచి మన పంపుకు వస్తాయి. ఆ మనిషి రోజు ఎలా గడిస్తే ఈ గుండె రోజూ అలాగే గడుస్తుంది."

"పైడితల్లికి కడదామంటావు."

"ఆవిడకు నాడే లేదు కదా మేడమ్. పైగా మంచం మీదున్నారు. ఇంకెవరికైనా కట్టాలి."

మేడమ్ పెన్సిలు కింద పెట్టారు. "ఇలియాస్‌ను పిలు. ఆయన ఒప్పుకుంటేనే."

ఆయన అడగని ప్రశ్న లేదు. చివరికి, "వేరే దారి ఉంటే వద్దనేవాణ్ణి. రోగిని అడగండి, ఆవిడ సరే అంటే అనుమతి కోసం కాలేజీ నైతిక సంఘానికి నేనే చెప్తాను" అన్నారు.

పైడితల్లి అంతా విన్నారు. "అంటే నా గుండికి ఎవులో ఒకలు బతుకు నేర్పాలన్నమాట." తల తిప్పి భర్తను చూశారు. "మావా, సెయ్యి సాపు."

సన్యాసిరావు చెయ్యి చాపారు. నేను పట్టీ కడుతుంటే మెల్లగా అడిగారు. "నానేటి సెయ్యాలండి?"

"ఏమీ చెయ్యొద్దు. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి."

"ఈ మడిసికి కడితే నా గుండి కూడా నిద్రపోద్ది" అన్నారు పైడితల్లి.

నమోదు 6 - సెప్టెంబరు, సోమవారం

నిద్రపోలేదు! సన్యాసిరావు బయటికి ఎంత మెత్తగా కనిపిస్తారో, లోపల అంత గందరగోళం. లాంచీ కట్టు విప్పేటప్పుడు ఒక ఉరుకు. జనం తోసుకుంటే ఒక ఉరుకు. ఇంజను దగ్గితే ఇంకో ఉరుకు. మధ్యాహ్నం అన్నం తిన్నాక కునుకు తీస్తే మా తొట్టెలో గుండె కూడా హాయిగా నెమ్మదిస్తుంది. ఇక్కడ తెర ముందు కూర్చుని లాంచీలో ఏం జరుగుతోందో ఊహించడం మాకు అలవాటైపోయింది. "ఇప్పుడెవరో టిక్కెట్టు లేకుండా ఎక్కారు" అంటారు మేడమ్.

ఒక్క ఉరుకు మాత్రం మాకు అంతుపట్టలేదు. రోజూ సాయంత్రం తిరుగు ప్రయాణంలో, అన్నిటికంటే పెద్దది. పరిగెత్తితే రావాల్సినంత పెద్దది. ఒంట్లో బాగోలేదేమోనని నాకు భయం వేసింది. ఇవాళ ఆయన వార్డుకు వచ్చినప్పుడు అడిగాను.

"సాయంత్రం పూట లాంచీలో ఏమైనా బరువులు ఎత్తుతారా?"

"నేదండి."

"మరి ఆ సమయంలో ఏం చేస్తారు?"

ఆయన పట్టీని అటూ ఇటూ తిప్పుకున్నారు. "ఏటీ సెయ్యనండి. లాంచీ మలుపు తిరిగితే ఈ కొండ మీద ఆస్పత్రి అగుపడతాది. అంతేనండి."

పైడితల్లి వింటున్నారు. "నిలబడ్డావేటి మావా, కూకో" అన్నారు. మంచం మీద జరిగి చోటు చూపించారు.

నేను వార్డులోంచి బయటికి వచ్చేశాను. ప్రయోగశాలకు వెళ్ళేసరికి తొట్టెలో గుండె గంతులేస్తోంది. మేడమ్, "ఏమైంది? ఏమైంది?" అని అడుగుతున్నారు. నేను నవ్వేశాను.

నమోదు 7 - సెప్టెంబరు, శుక్రవారం

పైడితల్లికి కొత్త పని దొరికింది. రోజూ భర్తతో ఏదో ఒక గొడవ పెట్టుకుంటున్నారు. చేపల పులుసులో ఉప్పు ఎక్కువైందనీ, ఇంజనుకు నూనె వేయలేదనీ. ఆ తర్వాత నాకు కబురు పంపుతారు. "గుండికి కసరత్తు సేయించీసినాను, సూడండి."

మూడొంతుల ఒత్తిడి పరీక్ష నెగ్గాం. పూర్తి ఒత్తిడితో పెద్ద పరీక్ష పెట్టే ధైర్యం మాత్రం మేడమ్‌కు చాలడం లేదు. నాకూ లేదు. ఉన్నది ఒక్కటే గుండె.

నమోదు 8 - సెప్టెంబరు, బుధవారం

పెద్ద పరీక్ష అయిపోయింది. మేం పెట్టలేదు.

మధ్యాహ్నం పైడితల్లి మాట తడబడింది. ఛాతీలోని పంపులో గడ్డ కదిలి తలకు చేరింది. డాక్టర్ ఇలియాస్ మందులు ఎక్కించి గండం గట్టెక్కించారు కానీ, పంపు ఇంక కొన్ని గంటలకు మించి పని చేయదని తేల్చి చెప్పారు. రేవుకు ఫోను చేసి సన్యాసిరావుకు కబురు చెప్పించారు.

అప్పుడు నేను తొట్టె ముందున్నాను. ఆ ఫోను సంగతి నాకింకా తెలియదు. ఉన్నట్టుండి తెర మీద గీత నిట్టనిలువుగా లేచింది. పట్టీ నుంచి వస్తున్న అంకెలు చూసి నమ్మలేకపోయాను. మా తొట్టె పంపు ఉరికింది. ఒత్తిడి మేం ఎప్పుడూ పెట్టనంత పైకి పోయింది. గుండె ఎర్రగా ఉబ్బి, బిగిసి, విరుచుకుపడుతూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. సన్యాసిరావు కొండ మెట్ల మీద పరిగెత్తుతున్నారని నాకర్థమైంది. భయంతో పరిగెత్తుతున్నారు.

"శర్వాణీ, తెంచెయ్! పట్టీ సంబంధం తెంచెయ్!" మేడమ్ తలుపు దగ్గరినుంచి అరిచారు. "ఇలియాస్ ఫోను చేశారు. ఆ గుండె ఇవాళే కావాలి. తెంచెయ్!"

నా వేలు మీట మీదే ఉంది. నొక్కితే గుండె క్షేమం. కానీ దాని బలమెంతో తెలియకుండానే ఆవిడ ఛాతీలో పెడతాం. నొక్కకపోతే ఇక్కడే పోవచ్చు.

"మేడమ్, ఇది భరించలేకపోతే అక్కడా భరించలేదు."

"శర్వాణీ!"

"తడబడిన మరుక్షణం నొక్కేస్తాను. ఒట్టు."

మేడమ్ నా పక్కకు వచ్చి నిలబడ్డారు. నా భుజం పట్టుకున్నారు, నొప్పి పుట్టేంత గట్టిగా. గీత పైపైకి పోతోంది. ఒకచోట వణికింది. నా వేలు బిగిసింది. వణుకు సర్దుకుంది. మళ్ళీ వణికింది, మళ్ళీ సర్దుకుంది. ఆ తర్వాత వణకలేదు. ఆయన మెట్లన్నీ ఎక్కి వార్డు చేరి, భార్య కళ్ళు తెరిచి ఉండడం చూసేదాకా ఆ గుండె ఆయనతోపాటే పరిగెత్తింది. ఆయన కుదుటపడ్డాక మెల్లగా, క్రమంగా అదీ నెమ్మదించింది.

మేడమ్ ఏడుస్తున్నారు. నవ్వుతూ ఏడుస్తున్నారు. "పద, పెట్టె తీసుకురా. చల్లటి ద్రవం నింపు. పద!"

నమోదు 9 - సెప్టెంబరు, గురువారం

నిన్న రాత్రి గుండెను నేనే మోసుకెళ్ళాను. మా భవనం నుంచి ఆపరేషన్ గదికి ఒక వంతెన ఉంటుంది. విద్యార్థులు రెండు వైపులా గోడకు అతుక్కుని దారి ఇచ్చారు. నాకు నా అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

లోపలికి తీసుకెళ్ళే ముందు పైడితల్లి నన్ను పిలిచారు. ఆవిడ మాట ఇంకా పూర్తిగా తేరుకోలేదు. "గట్టిదేనా?"

"గట్టిదే. నా కళ్ళతో చూశాను."

"నాకేటన్నా అయితే, ఏటి జరిగిందో రాసుకోండి. ఇంకొకలికి పనికొస్తాది. మావతో నాను సెప్పీసినాను."

తల ఊపాను.

డాక్టర్ ఇలియాస్ అమర్చారు. కుట్లు ముగిసి, రక్తనాళాలకు బిగించిన పట్టులు వదిలాక రక్తం ఆ గుండెలోకి వెళ్ళింది. గుండె ఉబ్బింది. ఆగింది. కరెంటు తగిలించడానికి ఆయన చెయ్యి ఎత్తారు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. ఎవరూ ఏమీ చేయకుండా కొట్టుకుంది.

నేను పైడితల్లి మణికట్టు మీద వేళ్ళు పెట్టాను. టక్, టక్, టక్. నా పక్కనున్న నర్సుకు చూపించాను, ఆమె ఇంకో నర్సుకు చూపించింది. డాక్టర్ ఇలియాస్ "ఇది ఆపరేషన్ గదా, తిరునాళ్ళా?" అని కసిరారు. ఆపరేషన్ ముగిశాక తొడుగు విప్పేసి వచ్చి ఆయన కూడా చూశారు.

నమోదు 10 - నవంబరు, ఆదివారం

పైడితల్లి వార్డు చివరిదాకా నడిచారు, తిరిగి వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. నడిచేటప్పుడు గుండె గీతలు బాగున్నాయి. మూడు కాలేజీల వాళ్ళు చూసి వెళ్ళారు. ఒకాయన, "మీ పంపుకు ఏ సూత్రం వాడారు?" అని అడిగారు. మేడమ్ సన్యాసిరావును చూపించారు. ఆయన సిగ్గుపడి బయటికి వెళ్ళిపోయారు.

"ఇందులో మా మావ బయమంతా ఉన్నాదేమో, కుక్క మొరిగినా ఉలిక్కిపడతన్నాను" అని పైడితల్లి ఫిర్యాదు చేశారు. అదేం లేదనీ, కొత్త గుండె కుదురుకునేదాకా అలాగే ఉంటుందనీ నేను వివరించబోయాను. "ఉండనీ డాక్టరమ్మా, ఉంటే ఉండనీ" అని నా మాట కొట్టిపారేశారు.

నమోదు 11 - ఫిబ్రవరి, శనివారం

మా రెండో రోగి దాలినాయుడు. యాభై దాటాయి. వరద శిబిరాల్లో జీవితమంతా వంట చేశారు. తనవాళ్ళు ఏ ఊళ్ళో, ఏ వరదలో పోయారో చెప్పరు. ఆయన గుండె మా తొట్టెలో కొట్టుకోవడం మొదలై కొన్ని వారాలైంది. పట్టీ కట్టే సమయం వచ్చింది.

"నాకెవలూ నేరమ్మా. మిషన్‌తోనే పెంచీండి" అన్నారు ఆయన.

"నేనున్నాను" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, వచ్చేసింది.

మేడమ్ నన్ను ఎగాదిగా చూశారు. "నువ్వా? పొద్దున్న తొట్టె ముందు కూర్చుంటావు, సాయంత్రం తొట్టె ముందే కూర్చుంటావు. నీ గుండె ఎప్పుడైనా పరిగెత్తుతుందా?" అంటూనే నైతిక సంఘానికి పంపే కాగితం మీద సంతకం చేశారు. దాలినాయుడు నా చేతికి తానే పట్టీ బిగించారు. జాగ్రత్తగా, నొప్పి పుట్టకుండా.

మేడమ్ అన్నది నిజమే. వారమంతా తెర మీద గీత ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది. మెట్లెక్కాను, దిగాను. కారం ఎక్కువ తిన్నాను. లాభం లేదు.

ఇవాళ పైడితల్లి పరీక్షకు వచ్చారు. మళ్ళీ లాంచీ ఎక్కడానికి డాక్టర్ ఇలియాస్ అనుమతి ఇచ్చి నెల అయింది. నా సంగతి విని నడుం మీద చెయ్యి వేసుకున్నారు. "కుర్చీలో కూకుని ఆయనకేటి నేర్పుతావు? రా నాతోటి."

"ఇప్పుడా? నాకు పని..."

"ఇదే పని."

రేవులో గాలి జోరుగా ఉంది. సన్యాసిరావు ఇంజను తిప్పారు. కట్టు విప్పగానే లాంచీ ఊగింది, నేను స్తంభం కౌగిలించుకున్నాను. నాకు ఈత రాదని అరిచాను. పైడితల్లి విననట్టే నా చేతులు లాగి చుక్కాని మీద పెట్టారు. చక్రం నా చేతుల్లో బతికున్నదానిలా గింజుకుంది.

"బిగించకు! వొదులుగా పట్టుకో! అదిగో, ఎడమకి, ఎడమకి!"

నీళ్ళు నా ముఖాన కొట్టాయి. లాంచీ ముందు భాగం పైకి లేచి దబ్బున పడింది. నేను కేక పెట్టాను. భయపడి పెట్టిన కేక మధ్యలోనే నవ్వుగా మారిపోయింది. కింద మునిగిన పాత ఊరి ఇళ్ళ కప్పులు పచ్చగా, నాచు పట్టి, మా కిందనుంచి వెనక్కి జారిపోతున్నాయి.

జేబులో ఫోను మోగింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను.

"శర్వాణీ! ఏం చేస్తున్నావ్?" మేడమ్ గొంతు. "ఇక్కడ గుండె గంతులేస్తోంది! దాలినాయుడు గారు తొట్టెకు అతుక్కుపోయారు, రమ్మంటే రారు!"

"చుక్కాని నా చేతిలో ఉంది మేడమ్!"

"ఏంటీ?"

"మాటలు సాలు డాక్టరమ్మా, ముందు సూడు!" పైడితల్లి నా భుజం చరిచారు. "పెద్ద అల వొస్తంది!"

తల తిప్పి చూశాను. నిజంగానే పెద్దది.